ఎడమవైపు చెంచా

అమ్మకు నమస్కారం.

నాకు ఒంట్లో బాగానే ఉంది. మొన్నటి జలుబు తగ్గింది. నీ మోకాలి నొప్పి, అన్నయ్య దగ్గు, వదిన కోపం అన్నీ అదుపులోనే ఉన్నాయనుకుంటాను. ఉత్తరాలెందుకు, ఫోన్ చేయొచ్చుగా అని అన్నయ్య అంటున్నాడట. చేస్తే ఫోన్ వదిన చేతిలో ఉంటుంది, మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఇందులో ఉన్నది నీ ఒక్కదానికే. కళ్ళజోడు కనపడకపోతే కనపడేదాకా ఆగు. కూడబలుక్కుంటూ అయినా నువ్వే చదువుకో. ఎవరిచేతా చదివించకు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. తింటున్నాను. గదిలో చెమ్మ తగ్గలేదు గానీ మంచం గోడకు దూరంగా జరుపుకున్నాను. నువ్వు పంపిన దుప్పటి వేడిగా ఉంది. ఇక కాగితం సంగతి, ఉత్తరం అంచున ఇరికించి రాసిన ఆ చివరి ప్రశ్న. వాటి దగ్గరికి నెమ్మదిగా వస్తాను. ముందు నా పని గురించి చెప్పకపోతే అవి నీకు అర్థం కావు.

"తిండికి ఫొటో తీయడం కూడా ఒక పనేనా, చూస్తే కడుపు నిండుతుందా" అని రాశావు. నేనూ మొదట్లో అలాగే నవ్వుకున్నాను. మాది టైర్ల కొట్టు మీద రెండు గదులు. ఒకదానిలో పొయ్యి, ఇంకోదానిలో పెద్ద కిటికీ. హోటళ్ళ బోర్డులకూ, తిండి పొట్లాల అట్టలకూ కావలసిన ఫొటోలు ఇక్కడ తీస్తారు. నన్ను తీసుకున్నది గిన్నెలు కడగడానికి. "వంట వచ్చా?" అని అడిగింది మేడమ్. వచ్చన్నాను. "అయితే ముందు అది మర్చిపో" అంది.

ఎందుకందో తర్వాత తెలిసింది. ఇక్కడి వంట తినడానికి కాదు. కూరగాయలు మెత్తబడితే ఫొటోలో నీరసంగా కనిపిస్తాయని సగమే ఉడికిస్తారు. పాలలో వేస్తే పండ్ల ముక్కలు మునిగిపోతాయని పాలకు బదులు తెల్ల జిగురు పోస్తారు. సూపు గిన్నె అడుగున గాజు గోళీలు వేసి వాటి మీద ముక్కలు నిలబెడతారు. చేప నిగనిగలాడాలంటే కుంచెతో నూనె రాస్తారు. ఆవిరి కావాలంటే దూదిని తడిపి, వేడి చేసి, గిన్నె వెనక దాస్తారు. ఆవిరి దూదిది, గిన్నెలో ఉన్నది నిన్నటి చల్లటి సూపు. నువ్వు చూస్తే తిండిని అవమానిస్తున్నారని కొంగు దులుపుకుని వెళ్ళిపోయేదానివి.

ఇంతకుముందు ఫొటోలు తీసే అతను పని మానేస్తే మేడమ్ కెమెరా నా చేతికిచ్చింది. కొత్తవాళ్ళను పెట్టుకోవడం కంటే నేనే చవక. మొదటి నెలల్లో నేను తీసినవి చూస్తే నీకూ నవ్వొచ్చేది. ఎదురుగా దీపం పెట్టి అన్నం ఫొటో తీశాను. మా దీపాలాయన, అంటే లైట్లు అమర్చే పెద్దాయన, చాలాసేపు చూసి, "ఇది భోజనమా తల్లీ, పంచనామానా?" అన్నాడు. ఆకుకూర పచ్చగా ఉండాలని పచ్చిదే పెడితే, "గేదెను కూడా పిలవకపోయావా" అన్నాడు. రొట్టె మెరవాలని నూనె రాస్తే అది గిన్నెలు తోమే స్పాంజిలా వచ్చింది. ఆయన వెక్కిరిస్తూనే నేర్పాడు. వెలుగు ఎప్పుడూ కంచం వెనకనుంచో పక్కనుంచో రావాలి. ఎదురుగా తెల్ల అట్ట పెడితే నీడ మెత్తబడుతుంది. తిండి మీద ఎదురుగా వెలుగు కొడితే అది చచ్చిపోతుంది. ఈ మాట ఆయనదే.

అలా చెడగొడుతూ చెడగొడుతూ చేయి తిరిగింది. ఇక అసలు సంగతి.

సూపు పొట్లాలవాళ్ళ పని వచ్చిన రోజు గోళీల డబ్బా ఎంత వెతికినా కనపడలేదు. మేడమ్ తొందరపెడుతోంది. చేసేదిలేక బంగాళాదుంపలు మెదిపి నిజంగానే చిక్కటి సూపు కాచాను. అలవాటు కొద్దీ ఉప్పు వేశాను. అడుగు కొంచెం అంటుకుంది. ఆ తొందరలో చెంచా ఎడమవైపు పెట్టాను. ఎడమవైపు ఎందుకు పెట్టానో నీకు చెప్పనక్కర్లేదు. మన ఇంట్లో కంచాలు పెట్టేది నేనే కదా. అక్క ఎడమ చేత్తో తింటే నాన్న వేళ్ళ మీద కొట్టేవాడు. నాన్న ఇంట్లో లేనప్పుడు తన చెంచా ఎడమవైపు పెట్టేదాన్ని. అది చూసి అక్క అడుగంటిన మాడు చెక్కలో సగం విరిచి నా కంచంలో వేసేది.

కిటికీ గదిలో నేనొక్కదాన్నే. దీపాలాయన బీడీకని మెట్ల మీదికి వెళ్ళాడు. వరసగా ఫొటోలు తీశాను. తీసినంతసేపూ గిన్నె ముందు ఎవరూ లేరు. తర్వాత తెర మీద చూస్తే, మూడో ఫొటోలో ఎడమవైపునుంచి ఒక చేయి వచ్చి చెంచా పట్టుకుని ఉంది.

దీపాలాయన లోపలికొచ్చి నా భుజం మీదుగా చూశాడు. "చెయ్యి పెడుతున్నట్టు చెప్పొద్దూ, నీడ సరిచేసేవాణ్ణిగా" అన్నాడు. మళ్ళీ ఆయనే, "అయినా బాగుందమ్మా. కూలికొచ్చిన చెయ్యిలా లేదు, ఆకలికొచ్చిన చెయ్యిలా ఉంది" అన్నాడు.

ఆయన ఆ చేయి నాదనుకున్నాడు. నేనూ ముందు అలాగే అనుకోవాలని చూశాను. రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి పడ్డాయేమో, గాజులో నీడేమో అనుకున్నాను. నా ఎడమ చేయి అక్కడే పెట్టి ఫొటో తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. నా చిటికెన వేలు తిన్నగా ఉంటుంది. అందులోది నీ వేలులాగా లోపలికి వంగి ఉంది. చూపుడు వేలి కణుపు మీద, అక్క గంజి గిన్నె దించుతూ కాల్చుకున్న మచ్చ ఉంది.

పారేయడం పాపమని ఫొటో తీశాక తినదగ్గవి దీపాలాయన తింటాడు. ఆ రోజు రెండు చెంచాలు నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకు నెట్టేశాడు. "ఉప్పు వెయ్యలేదా?" అన్నాడు. వేశానన్నాను. "ఉప్పు లేకపోతే లేకపోయింది, కనీసం దుంప రుచైనా ఉండాలిగా. గడ్డి నమిలినట్టుంది" అన్నాడు. నేను నాలుక మీద వేసుకున్నాను. నిజమే. ఉప్పు లేదు. మాడు వాసన లేదు. అంతకుముందే పొయ్యి మీదనుంచి దించిన సూపు బావి నీళ్ళంత చల్లగా ఉంది. గిన్నెలో సూపు మాత్రం కొంచెం కూడా తగ్గలేదు.

నాకు భయం వేయలేదని చెప్పను. మర్నాడు పనికి వెళ్ళబుద్ధి కాలేదు. కానీ వెళ్ళాను, మళ్ళీ చూడాలని. ఫొటోలు ఎలా నేర్చుకున్నానో ఇదీ అలాగే నేర్చుకున్నాను. ఒకటి మార్చి చూడటం, తప్పైతే ఇంకోటి మార్చడం. జిగురు పోసిన గిన్నె ముందుకు ఆ చేయి రాదు. నూనె రాసిన చేప దగ్గరికి రాదు. చెంచా కుడివైపు పెడితే రాదు. నిజంగా ఉడికించి, ఉప్పూ కారం వేసి, వేడిగా పెట్టి, చెంచా ఎడమవైపు ఉంచితే వస్తుంది. అన్నిసార్లూ కాదు. మాడు ఉంటే ఎక్కువసార్లు వస్తుంది. మాడు ముక్క ఫొటోకి అందం కాదని మేడమ్ తీసేయమంటుంది, నేను కంచం అంచున దాచిపెడతాను. ఎన్నిసార్లు తీసినా కంచం దగ్గర నాకు కనిపించేది ఏమీ ఉండదు. తెర మీదే కనిపిస్తుంది. తర్వాత తిండి చప్పబడుతుంది.

మేడమ్‌కు ఆ ఫొటోలు తెగ నచ్చాయి. అడిగినవాళ్ళందరికీ ఆ చెయ్యే కావాలట. "నీ చేతికి వేరే కూలి ఇవ్వాల్సొచ్చేట్టుందే" అని నవ్వింది. నా రెండు చేతులూ ఆమె ముందే బల్ల మీద ఉన్నాయి. ఆమె వాటివంక చూడలేదు. ఇప్పుడు ఈ ఊళ్ళో ఒక రొట్టెల కొట్టు గోడ మీద ఆ చేయి మనిషంత పొడుగున ఉంది. దాని కింద నిలబడి జనం బస్సు కోసం చూస్తుంటారు. చిటికెన వేలు ఒక్కటే నా చేయంత ఉంది. నేను ఆ దారిన వెళ్ళడం మానేశాను. వెళ్ళాల్సివస్తే తలెత్తను.

పోయినసారి రొట్టె ఫొటో ఒకటి ఉత్తరంలో పెట్టి పంపాను. దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. నువ్వేమంటావో చూద్దామని. నువ్వు ఉత్తరమంతా మోకాలి గురించి, కాగితం గురించి రాసి, అంచున చిన్న అక్షరాలతో, "ఆ చెయ్యి ఎవరిది?" అని అడిగావు. పరాయి చేతి గురించి నువ్వు అడగవమ్మా. నువ్వు గుర్తుపట్టావు.

ఇక కాగితం. నాన్న పోయాక పొలం మన నలుగురి పేరు మీదికి వచ్చింది. అమ్మాలంటే నలుగురూ ఒప్పుకోవాలి. అక్క ఎక్కడుందో తెలియదు కాబట్టి, ఆమె చనిపోయిందని మన ముగ్గురం సంతకాలు పెడితే మిగతాది తను చూసుకుంటానని అన్నయ్య కాగితం పంపాడు. దాని మీద అన్నయ్య సంతకం ఉంది. దాని కింద నీది ఉంది, చివరి అక్షరం తోక కిందికి జారిపోయి. అన్నయ్యను నేను తప్పుపట్టను. ఆ పొలంతో వాడు ఒక్కడే అవస్థ పడుతున్నాడు. నిన్నూ తప్పుపట్టను. "ఎన్నాళ్ళని వాకిట్లోకి చూడను, నావల్ల కాదు, నువ్వూ పెట్టి పంపు" అని రాశావు. చేయి ఎవరిదని అడిగిన ఉత్తరంలోనే అలా రాశావు. అంటే నీ ఉద్దేశం నాకు అర్థమైంది. అది చనిపోయినదాని చెయ్యే అని నువ్వు అనుకున్నావు. తిండి ముందునుంచి లేచి వెళ్ళింది కాబట్టి తిండి దగ్గరికే వస్తోందని.

నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. అక్క ఇల్లు వదిలిన రోజు నాకు బాగా గుర్తు. నాన్న ఆ సంబంధం మాట ఎత్తాడు. అక్క వద్దంది. "నా తిండి తింటున్నంతకాలం నా మాట వినాలి" అన్నాడు. "అయితే తినను" అని చెంచా కింద పెట్టి లేచింది. మనం ఎవరం ఆపలేదు. ఆమె కంచం మర్నాటిదాకా నువ్వు కడగలేదు.

కానీ అమ్మా, ఫొటోలన్నీ వరసగా పెట్టి చూస్తే ఒకటి కనిపించింది. పోయినవాళ్ళు పోయినప్పటి వయసులోనే ఉండిపోతారని నాయనమ్మ అనేది. ఈ చేయి మన ఇంట్లోంచి వెళ్ళిన పిల్ల చేయి కాదు. నరాలు తేలాయి. సబ్బునీళ్ళలో నానినట్టు వేళ్ళ చివర్లు పగిలాయి. ఒక ఫొటోలో బొటనవేలికి గుడ్డపీలిక కట్టి ఉంది. తర్వాతి వారం ఫొటోలో పీలిక లేదు, గాయం ఎర్రగా ఉంది. ఆ తర్వాత అది తెల్లటి గీత అయింది. చచ్చినవాళ్ళ గాయాలు మానతాయా?

ఇది తెలిసి కూడా నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను. ఇంతసేపూ దీని చుట్టూ తిరుగుతున్నాను. నీ ఉత్తరం చదివాక నేను సంతకం పెట్టాను. ఎందుకని అడిగితే, నువ్వు అలిసిపోయావు. అన్నయ్య అలిసిపోయాడు. కూలిపనితోనే అలిసిపోయి ఇంటికొచ్చి, మళ్ళీ ఆ చేతి గురించే ఆలోచిస్తూ కూర్చోవడం నాకూ చేతకాలేదు. కాగితం కవర్లో పెట్టి, కవరు సంచిలో వేసుకుని, మధ్యాహ్నం పోస్టు చేద్దామని పనికి వెళ్ళాను.

ఆ రోజు అన్నమూ కూరా తీయాలి. అంతా పద్ధతి ప్రకారమే పెట్టాను. చెంచా ఎడమవైపు, మాడు అంచున. ఎన్ని తీసినా చేయి రాలేదు. అలాంటి రోజులు ముందూ ఉన్నాయి. దీపాలాయన కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు. "అబ్బ, ఇన్నాళ్ళకు తిండిలా ఉందమ్మా! నువ్వూ తిను" అని నా నోటికి ఒక ముద్ద అందించాడు. వేడిగా ఉంది. ఉప్పు సరిగ్గా ఉంది. కారం తగిలింది. మాడు వాసన నోరంతా వచ్చింది. నేను చేసిన వంట ఇంత రుచిగా ఎప్పుడూ లేదు.

గోడ మీది చేయిని చూసినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. రుచంతా మిగిలిందంటే అక్క తినలేదు, సంచిలో ఆమె చనిపోయిందన్న నా సంతకం ఉంది. ఆ ముద్ద మింగలేకపోయాను. "ఏమైంది, రాయి తగిలిందా?" అన్నాడాయన.

కాగితం సంచిలోంచి తీసి చింపేశాను. నా సంతకంతోపాటు నీదీ, అన్నయ్యదీ చిరిగిపోయాయి. అదే నేను నీకు చెప్పాల్సింది. పోస్టులో పోయిందని అబద్ధం రాద్దామనుకున్నాను, రాయలేకపోయాను.

చింపినంత మాత్రాన ఆ చేయి తిరిగి రాలేదు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రోజూ వండాను, రోజూ రుచి చూశాను, రోజూ ఉప్పు సరిగ్గానే ఉంది. నా పనితనం బాగుపడిందని మేడమ్ మెచ్చుకుంది. చేయి లేకపోయినా ఫర్వాలేదు, జనం ఎప్పటికీ ఒకటే చూడరు, మళ్ళీ జిగురు మొదలుపెట్టు, పని త్వరగా తెమలుతుంది అంది. నేను ఆమె మాట వినలేదు. దీపాలాయన ఒళ్ళు చేశాడు.

నిన్న పొద్దున గంజి కాచాను. గంజి కావాలని ఎవరూ అడగలేదు, పొట్లాల అట్ట మీదికి అది పనికిరాదు కూడా. ఒక మట్టి గిన్నెలో పోసి, కిటికీ దగ్గర పెట్టి, కెమెరా వెనక నిలబడి, నోరు తెరిచి పైకే చెప్పాను. "నేను ఆ కాగితం చింపేశాను. తిను" అన్నాను. తలుపు దగ్గర ఉన్న దీపాలాయన విన్నాడు. వెళ్ళి తెల్ల అట్ట కొంచెం ఇటు జరిపి, ఎదురుగా పడుతున్న వెలుగు ఆపి, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

ఆ ఫొటో ఈ ఉత్తరంలోనే ఉంది. కాగితంలో చుట్టి పెట్టాను. ఇంకా తెరవకు. ముందు ఇది చదవడం ముగించు.

అక్క చేయి వచ్చింది. చిక్కిపోయింది, ఇన్ని రోజులూ తిండి లేనట్టు. కానీ చెంచా తన దగ్గర పెట్టుకోలేదు. గంజి నింపిన చెంచాను కుడివైపుకు చాపి పట్టుకుంది. అటునుంచి ఇంకో చేయి వచ్చి ఆ చెంచా కాడను పట్టుకుంది. చాలా చిన్న చేయి. వేళ్ళు చెంచా చుట్టూ పూర్తిగా తిరగలేదు. మూడేళ్ళో నాలుగేళ్ళో ఉండొచ్చు. గోళ్ళలో మట్టి ఉంది.

ఫొటో తీశాక గంజి రుచి చూశాను. చప్పగా, చల్లగా ఉంది. కూర్చుని ఆ గిన్నె మొత్తం తినేశాను.

వాళ్ళెక్కడున్నారో నాకు తెలియదమ్మా. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియదు. అన్నయ్యకు ఏమి చెబుతావో నీ ఇష్టం. ఇంకో కాగితం తయారుచేసి తెస్తే మాత్రం నువ్వు కలం ముట్టుకోకు. కళ్ళు కనపడటం లేదను, చేయి వణుకుతోందను. ఇప్పుడు అది ఒక్క మనిషి సంగతి కాదు.

కంచంలో తక్కువ పెడితేనే ఫొటో అందంగా వస్తుందని మేడమ్ రోజూ చెబుతుంది. చెప్పుకోనీ. రేపటినుంచి ఇద్దరికి సరిపడా వడ్డిస్తాను.

ఇట్లు,
నీ చిన్న కూతురు